ఆ పోగు సముద్రానిదా, మీ చొక్కాదా?

2004 మే 7న 'సైన్స్' పత్రికలో బ్రిటన్ సముద్ర జీవశాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం అచ్చువేసిన వ్యాసం ఒక్కటంటే ఒక్క పేజీ. సముద్రంలో కలుస్తున్న ప్లాస్టిక్ అంతా ఎటు పోతోంది అన్నది అందులోని ప్రశ్న. మైక్రోప్లాస్టిక్, అంటే ఐదు మిల్లీమీటర్లలోపు ప్లాస్టిక్ ముక్క, అనే మాట లోకానికి అలవాటైంది ఆ పేజీ నుంచే. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఈ విషయం మీద వేలకొద్దీ వ్యాసాలు వచ్చాయి. వాటిలో చాలావాటి సారాంశం ఇంతే: ఫలానా బీచ్‌లో మైక్రోప్లాస్టిక్ ఉంది. ఉంది, సరే. ఇంతకీ లేనిదెక్కడ?

ఈ వృత్తిలో పెద్ద పని ప్లాస్టిక్‌ని కనిపెట్టడం అనుకుంటారు. కనిపెట్టడం సులువు. దొరికిన ముక్క మన వలది కాదని, మన పడవ రంగు పెచ్చు కాదని, మన ఒంటిమీది చొక్కా పోగు కాదని రుజువు చెయ్యడం కష్టం. ఆ రుజువు లేని అంకె ఎంత పెద్ద పత్రికలో వచ్చినా దాన్ని లెక్కగా నేను తీసుకోను. ఓడలూ డైవింగ్ ఫొటోలూ చూసి ఈ రంగంలోకి రావాలనుకునే ఎమ్మెస్సీ పిల్లలకు ముందుగా చూపించాల్సింది ఏమీ పొయ్యని గాజు గిన్నెలో రాత్రికి రాత్రి ఎన్ని పోగులు పడ్డాయో రాసుకునే పుస్తకం.

థాంప్సన్ దారి ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన ప్లాస్టిక్ కోసం చదువుకున్న మనిషి కాదు. పీహెచ్‌డీ చేసింది తీరపు రాళ్ల మీది పాచి గురించి, దాన్ని మేసే నత్తజాతి జీవుల గురించి. 1993లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో బీచ్ శుభ్రం చేసే కార్యక్రమానికి వలంటీరుగా వెళ్లినప్పుడు ఒక సంగతి గమనించాడు. ఏరిన చెత్తను నమోదు చేసే ఫారంలో సీసాలకు, తాళ్లకు, సంచులకు గళ్లున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్న చిన్న చిన్న రంగు ముక్కలకు గడి లేదు. గడి లేనిది లెక్కకు రాదు. పదేళ్ల తర్వాత ఆ గడిని ఆయనే నింపాడు.

2004 పేజీలో నాకు నచ్చే విషయాలు రెండు. ఇసుకలోంచి తీసిన అనుమానపు ముక్కల్ని ఎఫ్‌టీఐఆర్ యంత్రంలో (పరారుణ కాంతి పడ్డప్పుడు వచ్చే గీతల్ని, అంటే వర్ణపటాన్ని చూసి అది ఏ పదార్థమో చెప్పే యంత్రం) పెట్టి చూస్తే, నిజంగా ప్లాస్టిక్ అని తేలినవి దాదాపు మూడో వంతు. మిగతా రెండు వంతుల్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు, ఆ నిష్పత్తిని దాచనూ లేదు. కంటితో చూసి 'ఇది ప్లాస్టిక్కే' అనుకునేవాటిలో ఎంత పొరపాటుంటుందో ఈ రంగం పుట్టిన రోజునే రాసిపెట్టినట్టు అయింది.

రెండోది, కొత్త ఓడ ఎక్కకుండా పాత నమూనాలు తెరవడం. కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్ అని ఒక యంత్రముంది. 1931 నుంచి సరుకు ఓడలు దాన్ని వెనకాల కట్టుకుని లాగుతున్నాయి. సుమారు 10 మీటర్ల లోతున పోతుంటే ముందున్న చిన్న చదరపు రంధ్రంలోంచి నీళ్లు లోపలికి వస్తాయి. 270 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నుల పట్టు బట్ట ఆ నీటిని వడకడుతుంది. మీద ఇంకో పట్టు బట్ట మూతలా వచ్చి, రెండూ కలిసి చుట్టుకుంటూ ఫార్మలిన్ తొట్టిలోకి వెళతాయి. పెట్టింది ప్లాంక్టన్ కోసం, అంటే నీటిలో కొట్టుకుపోయే అతిచిన్న జీవుల కోసం. ఆ చుట్టలు ప్లిమత్‌లో దశాబ్దాలుగా భద్రంగా ఉన్నాయి. అబర్డీన్ నుంచి షెట్లాండ్ దీవులకు, స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న సూల్ స్కెరీ నుంచి ఐస్‌లాండ్‌కు పోయే మార్గాల నమూనాలను 1960ల నాటినుంచీ తీసి చూస్తే, 60-70 దశకాల కంటే 80-90 దశకాల్లో పోగులు ఎక్కువని తేలింది. బట్ట పట్టుది కావడం ఎంత అదృష్టమో చూడండి. అదే నైలాన్ అయ్యుంటే దొరికిన ప్రతి నైలాన్ పోగు దగ్గరా ఆగాల్సొచ్చేది.

అదే రికార్డరు ఇంకో రకంగానూ పనికొచ్చింది. దారిలో తాడో వలో చుట్టుకుని యంత్రం పాడైనప్పుడల్లా సిబ్బంది పుస్తకంలో రాసుకునేవారు. 1957 నుంచి 2016 దాకా ఉన్న ఆ రాతల్ని 2019లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో అచ్చువేశారు. మొదటి నమోదు 1957లో వల తాడు, 1965లో ఐర్లండ్ దగ్గర ప్లాస్టిక్ సంచి. సముద్రంలో ప్లాస్టిక్ పెరిగిందనడానికి మనకున్న గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి. అది ప్లాస్టిక్ కోసం చేసిన పని కానే కాదు, మరమ్మతుల చిట్టా.

ఇప్పుడు వల దగ్గరికి వద్దాం. నీటిపైన తేలే ప్లాస్టిక్‌ని పట్టడానికి మాంటా వల వాడతారు. రెక్కలున్న లోహపు నోరు, దాని వెనక 333 మైక్రాన్ల కన్నుల పొడవాటి సంచి, చివర విప్పి తీసే డబ్బా. నోటి వెడల్పు 60 సెంటీమీటర్లనుకుందాం. 2.5 నాట్ల (గంటకు సుమారు 4.6 కిలోమీటర్ల) వేగంతో అరగంట లాగితే 2.3 కిలోమీటర్ల చిల్లర దూరం. అంటే వల ఊడ్చిన విస్తీర్ణం సుమారు 1,390 చదరపు మీటర్లు, చదరపు కిలోమీటరులో వెయ్యికి ఒకటిన్నర వంతు కూడా కాదు. డబ్బాలో దొరికిన ఒక్క ముక్కని చదరపు కిలోమీటరుకు హెచ్చవేస్తే 720 అవుతుంది. ఐదు ముక్కలు దొరికితే 3,600. ఎడ్వర్డ్ కార్పెంటర్, స్మిత్ కలిసి 1972లో అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం గురించి రాసిన తొలి వ్యాసంలో సగటు చదరపు కిలోమీటరుకు 3,500 ముక్కలు. ఆ స్థాయిలో పడవ అంచు నుంచి రాలిన ఒక్క రంగు పెచ్చు మన డబ్బాలో చేరినా లెక్కలో అయిదో వంతు అదే. ఓడ రంగుల్లో ఉండే ఆల్కిడ్ రెసిన్ థాంప్సన్ 2004లో గుర్తించిన ప్లాస్టిక్‌ల జాబితాలోనూ ఉంది. అందుకే బయల్దేరేముందే పడవ రంగు, వల, తాడు, చేతి తొడుగులు, లైఫ్ జాకెట్ బట్ట నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి వాటి వర్ణపటాలు దగ్గర పెట్టుకోవాలి. తర్వాత డబ్బాలో వాటికి సరిపోయేది కనిపిస్తే లెక్కలోంచి కొట్టేయాలి. జాలేస్తుంది, కానీ కొట్టేయాలి.

వలతో వచ్చే చిక్కులు ఇంకా ఉన్నాయి. వలని ఓడ వెనక నురగలో కాకుండా పక్కనుంచి లాగాలి. వల నోట్లో బిగించిన ఫ్లోమీటరు (లోపలికి ఎన్ని నీళ్లు పోయాయో చెప్పే పరికరం) అంకె ముందూ వెనకా రాయకపోతే ఆ అరగంట వృథా. జెల్లీచేపలో నాచో పట్టి కన్నులు మూసుకుపోతే పడవ ముందుకు పోతుంది గానీ నీళ్లు వలలోంచి పోవు. ఫ్లోమీటరు దూరానికీ జీపీఎస్ దూరానికీ తేడా పెరిగితే అదే గుర్తు. కడిగేటప్పుడు నీళ్లు వల బయటినుంచి కొట్టాలి. లోపలినుంచి కొడితే కడిగే నీళ్లలో ఉన్నవీ డబ్బాలోకి చేరతాయి. ఇక గాలి. గాలి లేస్తే తేలే ముక్కలు కిందికి కలిసిపోతాయని, పైన లాగిన వలకు తక్కువ చిక్కుతాయని కుకుల్కా బృందం 2012లో లెక్కగట్టింది. కాబట్టి గాలి వేగం రాయని శాంపిల్‌ని ఇంకో రోజు శాంపిల్‌తో పోల్చడానికి లేదు. 333 మైక్రాన్ల కన్నులోంచి 20 మైక్రాన్ల మందం ఉన్న పోగు నిలువునా జారిపోతుంది కూడా. వలతో పోగుల లెక్క చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ల్యాబులో అసలు కథ మొదలవుతుంది. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2015లో పెట్టిన పద్ధతిని చాలామంది అనుసరిస్తారు. శాంపిల్‌ని 5.6 మిల్లీమీటర్ల, 0.3 మిల్లీమీటర్ల జల్లెడల్లో వేసి, కింది జల్లెడలో మిగిలినదాన్ని ఆరబెట్టి తూచాలి. దానికి 0.05 మోలార్ ఇనుప ద్రావణం 20 మిల్లీలీటర్లు, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 20 మిల్లీలీటర్లు కలిపి, ఐదు నిమిషాలు వదిలేసి, 75 డిగ్రీల ప్లేటు మీద పెట్టాలి. చేప ముక్కలూ నాచూ కాలిపోతాయి, ప్లాస్టిక్ మిగులుతుంది. తప్పెక్కడ జరుగుతుందంటే, ఈ చర్యే వేడి పుట్టిస్తుంది. ప్లేటు 75 చూపిస్తున్నా బీకరులో మరుగు పట్టేయొచ్చు. పొంగి బయటికి పోతే శాంపిల్ పోయినట్టే. పొంగకపోయినా ఆ వేడికి కొన్ని రకాల ముక్కలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. పక్కన చల్లటి శుద్ధజలం పెట్టుకుని, బుడగలు జోరందుకోగానే ప్లేటు మీంచి దించెయ్యాలి. ఎక్కువ సేంద్రియ పదార్థం ఉంటే పెరాక్సైడ్ ఒకేసారి గుమ్మరించకుండా 20 మిల్లీలీటర్ల చొప్పున చేర్చాలి.

చేప పొట్టలకైతే 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, 40 డిగ్రీల దగ్గర 48 గంటలు. 60 డిగ్రీలు పెడితే త్వరగా అవుతుంది గానీ సిగరెట్ పీకల్లోని సెల్యులోజ్ ఎసిటేట్ లాంటివి దెబ్బతింటాయి. గాఢ నైట్రిక్ ఆసిడ్ మాంసాన్ని ఇట్టే కరిగిస్తుంది, దాంతోపాటు నైలాన్‌నీ కరిగిస్తుంది. నైట్రిక్‌తో చేసి 'చేపల్లో వల పోగులు కనిపించలేదు' అని రాస్తే దానికి అర్థమేముంది?

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం. ఇసుకలోంచి ప్లాస్టిక్ తేల్చడానికి సంతృప్త ఉప్పునీళ్లు వాడతారు. చవక, విషం కాదు. దాని సాంద్రత 1.2. పాలిథీన్, పాలీప్రొపిలీన్ మామూలు నీళ్లమీదే తేలుతాయి. పాలీస్టైరీన్ 1.05, నైలాన్ 1.14, అవీ ఉప్పునీటిలో పైకొస్తాయి. నీళ్ల సీసాల పెట్, పైపుల పీవీసీ 1.38 చుట్టూ ఉంటాయి. అవి ఇసుకతోపాటే అడుగున ఉండిపోతాయి. అప్పుడు 'మా తీరంలో పాలిథీన్, పాలీప్రొపిలీన్ ఎక్కువ, పెట్ తక్కువ' అనే ఫలితం తీరం గురించి చెబుతున్నట్టా, ఉప్పు గురించి చెబుతున్నట్టా? జింక్ క్లోరైడ్‌తో 1.5 దాటించొచ్చు. కాకపోతే అది లోహాన్నీ చర్మాన్నీ తింటుంది, సింకులో పొయ్యకూడదు, వడకట్టి మళ్లీ మళ్లీ వాడుకోవాలి. సోడియం అయొడైడ్ బాగా తేలుస్తుంది, బిల్లు చూస్తే గైడు తేలడు. ఏది వాడినా మూడుసార్లు తేల్చాలి. తెలిసిన ప్లాస్టిక్ ముక్కలు కొన్ని లెక్కపెట్టి శుభ్రమైన ఇసుకలో కలిపి, మన పద్ధతికి ఎన్ని తిరిగి దొరుకుతున్నాయో చూసి ఆ శాతం వ్యాసంలో రాయాలి. రాయనివాళ్లే ఎక్కువ.

ఖాళీ శాంపిల్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. అసలు శాంపిల్‌తో చేసే ప్రతి పనీ, జల్లెడ నుంచి ఫిల్టరు దాకా, శుద్ధజలంతో కూడా చెయ్యాలి. అందులో దొరికేది మన ల్యాబు గాలి, మన బట్టలు, మన నీళ్లు. ఉదాహరణకి మూడు ఖాళీల్లో 4, 7, 10 పోగులు వచ్చాయనుకోండి. సగటు 7, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 3. సగటుకి విచలనం మూడింతలు కలిపితే 16. ఆ గీత దాటితేనే దొరికినట్టు. అంటే అసలు శాంపిల్‌లో 14 పోగులు దొరికినా 'దొరకలేదు' అనే రాయాలి. 14లోంచి 7 తీసేసి 'ఏడు పోగులు' అని రాయడం రివాజుగా కనిపిస్తుంది. అది తప్పు. ఒక్క ఖాళీతో సరిపెట్టి దాన్ని తీసివేయడం మరీ తప్పు, ఒక్క అంకెకి విచలనం ఎక్కడినుంచి వస్తుంది?

నూలు కోటు వేసుకోండి, పాలియెస్టర్ వద్దు అంటారు. నిజమే, కానీ నూలు పోగులూ రాలతాయి. రంగేసిన నూలు పోగుని మైక్రోస్కోపు కింద పాలియెస్టర్ అనుకోవడం చాలా సులువు. జ్యూసెప్పె సుఆరియా బృందం 2020లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ఆరు సముద్ర ప్రాంతాల నుంచి తెచ్చిన 916 నీటి శాంపిళ్ల ఫలితాలు ఇచ్చింది. అందులోంచి తీసి పరీక్షించిన సుమారు 2,000 పోగుల్లో కృత్రిమమైనవి 8.2 శాతం. 79.5 శాతం నూలు, విస్కోస్ లాంటి సెల్యులోజ్ పోగులు, 12.3 శాతం ఉన్ని లాంటి జంతువుల పోగులు. కంటి చూపుతో పోగులు లెక్కపెట్టిన పాత వ్యాసాలన్నిటినీ ఈ ఒక్క అంకె పక్కన పెట్టుకుని చదవాలి.

వేడి సూది పెట్టి కరిగితే ప్లాస్టిక్ అనే పరీక్ష కూడా అంతే. టైరు రబ్బరు, రంగు పెచ్చు సరిగా కరగవు. అర మిల్లీమీటరు కంటే చిన్నదాన్ని సూదితో తాకడమే కష్టం. యంత్రాలూ మోసపోతాయి. నైట్రైల్ చేతి తొడుగుల నుంచి రాలే స్టియరేట్ లవణాలు వర్ణపటంలో పాలిథీన్‌ని పోలి ఉంటాయని 2020లో తేల్చారు. గాజు సామాను తొడుగుల్లేని చేతులతో కడగమనేది అందుకే. శాంపిల్‌ని కాల్చి ఆవిరి చూసే పైరాలిసిస్ పద్ధతిలో కొవ్వు కూడా పాలిథీన్‌లాంటి ముక్కలే ఇస్తుంది. మెదడులో, కాలేయంలో ఇన్ని గ్రాములు దొరికిందనే వార్త చూసినప్పుడు ఏ పద్ధతితో చేశారు, కొవ్వుని ఎలా తీసేశారు అని ముందు అడగాలి.

ఇంత చాదస్తం అవసరమా అనేవాళ్లకు ఒక జవాబు. మనిషి వారానికి 5 గ్రాములు, అంటే ఒక క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ తింటున్నాడని 2019లో వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ప్రచారం చేసింది. ఆ బొమ్మ వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. 2021లో వచ్చిన మరో లెక్క ప్రకారం పెద్దవాళ్లకి వారానికి సుమారు 4 మైక్రోగ్రాములు. రెండింటికీ తేడా పది లక్షల రెట్ల పైమాట. రెండో లెక్కే తుది మాట అనను. అయితే రెండు అంచనాల మధ్య ఇంత అగాధం ఉన్నచోట పెద్ద అంకెనే పట్టుకుని భయపెట్టడం పరిశోధనకి చేటు. చేప పిల్లలు సహజమైన మేత వదిలి ప్లాస్టిక్‌నే ఇష్టంగా తింటాయని 2016లో 'సైన్స్'లో వచ్చిన వ్యాసం ప్రపంచమంతా పతాక శీర్షికలకెక్కింది. వివరించిన విధంగా ఆ ప్రయోగాలు జరగలేదని తోటి పరిశోధకులే ఫిర్యాదు చేశారు. 2017లో వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ప్లాస్టిక్ కంపెనీల వాదనకి అంతకంటే మంచి కానుక ఇంకేముంటుంది?

థాంప్సన్ బృందం పనిలో నాకు గౌరవం కలిగించేది ఇంకొకటుంది. ఎక్కడ మీట నొక్కితే మారుతుందో అక్కడ కొలవడం. ముఖానికి రాసుకునే స్క్రబ్బుల్లో 5 మిల్లీలీటర్లకి 4,594 నుంచి 94,500 దాకా ప్లాస్టిక్ పూసలు ఉంటాయని 2015లో పరిశోధకురాలు ఇమొజెన్ నాపర్‌తో కలిసి చూపించారు. బ్రిటన్‌లో 2018లో వాటి తయారీ ఆగింది. 2016లో బట్టలుతికే మిషను: 6 కిలోల ఆక్రిలిక్ బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షల పైచిలుకు పోగులు, పాలియెస్టర్‌కి 5 లక్షలకు దగ్గరగా, పాలియెస్టర్-కాటన్ కలిసినదానికి లక్షా 38 వేలు. ఆ తర్వాత సంచులు. జీవక్షయం అవుతాయని అమ్మేవాటినీ మామూలు సంచుల్నీ మట్టిలో, సముద్రంలో, బయట గాలిలో మూడేళ్లు ఉంచారు. గాలిలో పెట్టినవన్నీ తొమ్మిది నెలల్లో ముక్కలయ్యాయి. 'బయోడిగ్రేడబుల్' అని రాసి ఉన్న సంచి మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్నాక కూడా సరుకులు మోసింది. కంపోస్టు అయ్యే సంచి సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది, మట్టిలో మాత్రం 27 నెలలకీ ఉంది. ఈ ప్రయోగానికి ఓడ అక్కర్లేదు, ఖరీదైన యంత్రమూ అక్కర్లేదు. ఓపిక కావాలి, మూడేళ్లు జీతమిచ్చే ప్రాజెక్టు కావాలి. రెండోది దొరకడమే కష్టం.

మన తీరం సంగతి. బంగాళాఖాతంలో తీరం వెంట పారే ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. మధ్యలో గోదావరి, కృష్ణ వరదలు. ఏప్రిల్‌లో విశాఖ బీచ్‌లో దొరికిన ముక్కకీ నవంబరులో దొరికిన ముక్కకీ ఊరు వేరు కావచ్చు. ఒక్క సీజను శాంపిళ్లతో 'ఈ బీచ్ కలుషితం, ఆ బీచ్ నయం' అని పట్టిక వెయ్యడం ఇక్కడ అసలే చెల్లదు. ఒకే చోట, ఒకే పద్ధతితో, ఏటా రెండుసార్లు చొప్పున పదేళ్లు చేసినవాడి లెక్క ముందు పాతిక బీచ్‌లు ఒక్క సెలవుల్లో తిరిగినవాడి లెక్క నిలవదు. 2022 జులై 1 నుంచి దేశమంతా ఒక్కసారి వాడి పారేసే వస్తువుల్లో కొన్నిటిని నిషేధించారు. దానివల్ల తీరం మీద ఏమైనా మారిందా అన్న ప్రశ్నకి జవాబు చెప్పగలిగేది 2022కి ముందు ఇసుక తీసి దాచుకున్నవాళ్లే.

2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ నుంచి ప్లాస్టిక్ గుళికలు (వస్తువుల తయారీకి వాడే ముడిసరుకు) కేరళ తీరానికి కొట్టుకొచ్చాయి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్-ప్రెస్ పెర్ల్ తగలబడినప్పుడు సముద్రంలో పడిన గుళికలు సుమారు 1,680 టన్నులు. ఇలాంటప్పుడు కోర్టులో నష్టపరిహారం అడగాలంటే ఒడ్డున దొరికిన గుళిక ఆ ఓడదేనని చూపించాలి. అంతకుముందు ఆ తీరంలో గుళికలు ఎన్ని ఉండేవో అంకె కావాలి. ప్రమాదం జరిగాక బయల్దేరితే ఆ అంకె దొరకదు.

విశాఖలో, హైదరాబాద్‌లో ఉండి ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు దారి లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది, హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. మెరైన్ బయాలజీ ఒక్కటే తలుపనుకోవద్దు. నా మటుకు, వర్ణపటాలు చదవగలిగే కెమిస్ట్రీ మనిషి, లేదా ఆర్ భాషలో గణాంకాలు చెయ్యగలిగే మనిషి ఈ బృందాల్లో ఎక్కువ పనికొస్తారు. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో లైఫ్, కెమికల్, ఎర్త్ సైన్సెస్ మూడూ పనికొస్తాయి. జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థి భృతి) వస్తే నెలకి 37,000, దానిపైన ఇంటద్దె భత్యం. ఓపెన్ స్పెసీ అనే ఉచిత వెబ్‌సైటులో వర్ణపటాలు పెట్టి ఏ ప్లాస్టిక్కో సరిచూసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని సాధన చెయ్యడానికి అది చాలు. పోలిక 70 శాతం దాటితే సరే అనుకోవడం అలవాటు. గీతలు మీ కళ్లతో కూడా చూడండి, ముఖ్యంగా నూలు, నైలాన్, ఉన్ని విషయంలో. నైలాన్‌కీ ఉన్నికీ వర్ణపటంలో అమైడ్ బంధాలు చూపించే శిఖరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి.

ఏదైనా ల్యాబులో చేరేముందు గైడుని కొన్ని ప్రశ్నలు అడగొచ్చు, మర్యాదగానే. సార్, కిందటి వ్యాసంలో ఖాళీలు ఎన్ని పెట్టారు, వాటిలో ఎన్ని పోగులొచ్చాయి? శాంపిల్‌లో సగం దాచిపెడతారా, అంతా వాడేస్తారా? దొరికిన ముక్కల్లో ఎంత శాతాన్ని ఎఫ్‌టీఐఆర్‌లో పెట్టారు? మైక్రోస్కోపుతో కలిసిన మైక్రో ఎఫ్‌టీఐఆర్ మన దగ్గరే ఉందా, ఇంకో ఊరికి పంపాలా? పంపాలంటే ఒక్క ఫిల్టరు స్కాన్‌కే గంటలు పడుతుంది, వరసలో మన వంతు రావడానికి నెలలు పట్టొచ్చు. ఆ డబ్బూ ఆ నెలలూ ప్రాజెక్టు ప్రతిపాదనలో రాశారో లేదో చూసుకుని సంతకం పెట్టండి.